గాజు పెట్టెలో బటాంటా దీవి

ఉడుము అనగానే మనకు కళ్లకు కట్టేది మట్టిరంగు. చేను గట్టు మీదో, పుట్ట పక్కనో, పాడుబడ్డ గోడ సందులోనో తల ఎత్తి నాలుక ఆడించే జంతువు. అదే వంశంలో నల్లటి ఒంటి మీద మెరిసే నీలం చుక్కలు, పట్టీలు వేసుకుని చెట్ల మీదే బతికే ఉడుము ఒకటుందంటే సులువుగా నమ్మబుద్ధి కాదు. ఫొటో చూపిస్తే కంప్యూటర్లో రంగు దిద్దారంటారు. దాని శాస్త్రీయ నామం వారానస్ మెక్‌రేయై. మనం నీలి ఉడుము అనుకుందాం.

ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిస్తే అటూఇటూగా మీటరు. అందులో మూడింట రెండు వంతులు తోకే. ఆ తోక మన ఉడుము తోకలాగా కొరడా దెబ్బలకు పనికొచ్చేది కాదు, కొమ్మను చుట్టి పట్టుకునేది. కాలివేళ్లు పొడుగు, గోళ్లు సూదిగా కొక్కేల్లా వంగి ఉంటాయి. ఉడుం పట్టు అని మనం చెప్పుకునే పట్టుకు ఇక్కడ ఐదో చెయ్యి కూడా తోడైందన్నమాట.

ఇది సహజంగా ఉండేది భూమ్మీద ఒకే ఒక్క చోట. ఇండోనేషియా తూర్పు కొసన, న్యూగినీ దీవి పక్షి తలలా పొడుచుకొచ్చిన మూల దగ్గర, రాజా అంపట్ దీవులున్నాయి. వాటిలో పెద్దవి నాలుగు: వైగియో, బటాంటా, సలావతి, మిసూల్. నీలి ఉడుముది బటాంటా. విస్తీర్ణం సుమారు 450 చదరపు కిలోమీటర్లు, నడిమధ్యన కొండలు, కొండల నిండా వాన అడవి. ఆ అడవిలో ఈ జంతువు ఎలా బతుకుతుందో, గుడ్లు ఎక్కడ పెడుతుందో వివరంగా చూసి రాసినవాళ్లు లేరనే చెప్పాలి. మనకు దీని గురించి తెలిసిందంతా దాదాపుగా గాజు పెట్టెల్లో చూసిందే. ఈ అధ్యాయంలో పెంపకం గురించి చెప్పాలనుకోవడానికి కారణం అదే. అడవి ఉడుము గురించి తెలుసుకోవాలన్నా పెంపుడు ఉడుము దగ్గరికే పోవాల్సిన పరిస్థితి.

శాస్త్రానికి ఇది పరిచయమైన తీరూ అలాంటిదే. 2001లో జర్మనీలోని బాన్ నగరంలో, కోనిగ్ మ్యూజియంలో పనిచేసే వోల్ఫ్‌గాంగ్ బోమే, మరో ఉడుముల నిపుణుడు హాన్స్ యాకోబ్స్ కలిసి దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. పేరులోని మెక్‌రే ఎవరంటే, బాలిలో సరీసృపాల పార్కు స్థాపించిన డంకన్ మెక్‌రే. శాస్త్రవేత్తలు పేరు పెట్టే నాటికే జంతువు వ్యాపారుల చేతుల్లోకి వచ్చేసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1997లో, ఇదే బోమే థామస్ జీగ్లర్‌తో కలిసి పసుపు పచ్చని మరో ఉడుముకు వారానస్ మెలినస్ అని పేరు పెట్టారు. అది ఓబి దీవి నుంచి వచ్చిందని వ్యాపారం చేసేవాళ్లు చెప్పారు, వీళ్లు అదే రాసుకున్నారు. తీరా చూస్తే దాని ఊరు ఓబి కాదు, సులా దీవులు. సరుకు ఎక్కడ దొరుకుతుందో ఏ వ్యాపారీ నిజం చెప్పడు కదా. చేపల మార్కెట్లోనైనా అంతే, ఉడుముల మార్కెట్లోనైనా అంతే.

ఇక ఆ నీలం సంగతి. దాన్ని చూసే కదా కొనేది.

బల్లి జాతుల చర్మంలో రంగుకు సంబంధించిన కణాలు పొరలుగా ఉంటాయి. పైన పసుపు వర్ణకం ఉన్నవి. వాటి కింద గ్వానిన్ అనే పదార్థం సన్నని స్ఫటికపు పలకలుగా పేర్చి ఉన్న కణాలు. అట్టడుగున మెలనిన్ నింపుకున్న నల్ల కణాలు. స్ఫటికపు పలకల మందం, వాటి మధ్య ఎడం ఒక కొలతలో ఉంటే వెలుతురులోని నీలం భాగం తిరిగి వెనక్కి వస్తుంది. మిగతాది కిందికి దిగి నలుపులో ఇంకిపోతుంది. ఆ నీలానికి పైన పసుపు పొర అడ్డుంటే మన కంటికి ఆకుపచ్చ కనిపిస్తుంది. పసుపు పలచబడితే నీలం బయటపడుతుంది. నెమలి ఈక విషయంలోనూ సూత్రం ఇలాంటిదే, పదార్థమే వేరు. ఎంత నూరినా ఈ నీలంలోంచి రంగుపొడి రాదు. అక్కడ ఉన్నది రంగు కాదు, అమరిక.

దీని దగ్గరి చుట్టాలను చూస్తే ఆ అమరిక దీవి దీవికీ మారుతుంది. న్యూగినీ పెద్ద దీవిలో ఉండేది ఆకుపచ్చ ఉడుము, వారానస్ ప్రసైనస్. దానికి 1839లోనే పేరు పెట్టారు. అరూ దీవుల్లోది పూర్తిగా నలుపు, పేరు బెక్కారీ. బటాంటాకు ఎదురుగా ఉన్న వైగియోలో నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలది ఉంది. 2003లో దానికి బోమే పేరే పెట్టారు. మిసూల్‌లో పసుపు ఛాయది 2005లో బయటపడింది. ఆకారం ఒకటే, అలవాట్లూ దాదాపు ఒకటే, ఒంటి రంగు మాత్రం ఏ దీవిది ఆ దీవిదే. సముద్రం అడ్డుపడి ఏ గుంపుకా గుంపు విడిగా బతకడం వల్ల జరిగిన పని ఇది. పరిణామం చదువుకునేవాళ్లకు ఇదొక పాఠం. వ్యాపారికి ఇది ధరల పట్టిక. ఆకుపచ్చది ఉంది, నలుపుది ఉంది, నీలం ఇప్పుడే వచ్చింది, ఇంకా ఏం కావాలి అన్న పద్ధతిలో ఈ కుటుంబం మొత్తం అమెరికా, యూరప్, జపాన్ ఇళ్లలోకి చేరింది. జర్మనీలోని హామ్ పట్టణంలో సరీసృపాల కోసమే పెద్ద సంత జరుగుతుంది. ఊసరవెల్లులు, కొండచిలువలు, బల్లులు, ఉడుములు డబ్బాల్లో వరసగా పేర్చి ఉంటాయి. నీలి ఉడుము ధర వెయ్యి డాలర్ల పైమాటే.

అంత పోసి కొన్నవాడు ఇంటికి తెచ్చుకునేది నిజానికి ఒక వాతావరణాన్ని. జంతువు బతకడమూ చావడమూ ఆ వాతావరణం కుదరడం మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు వేడి. సరీసృపం తన ఒంటిని తాను వెచ్చబెట్టుకోలేదు, బయటి వేడిని వాడుకుంటుంది. పెట్టె మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే దానికి వాడుకోవడానికి ఏమీ మిగలదు. పైన ఒక మూల ఎండ కాచుకునే చోటు ఉండాలి. అక్కడ కొమ్మ ఉపరితలం 45 డిగ్రీల దాకా పోవచ్చు. మిగతా పెట్టెలో పగలు 27 నుంచి 30 మధ్య, రాత్రి 24 దాకా దిగినా ఫరవాలేదు. పొద్దున లేచి వేడి కొమ్మ మీదికి వెళ్లి పడుకోవడం, ఒళ్లు కాగాక దిగి వేటకు పోవడం, మళ్లీ ఎక్కడం, ఇదీ దాని దినచర్య. కొత్తగా పెంచేవాళ్లు ఒకే ఒక్క బల్బును గురిపెట్టి బిగిస్తారు. ఆ వెలుగు రూపాయి బిళ్లంత మేర నడుం మీద పడుతుంది. తల చల్లగా, తోక చల్లగా, నడుం మాత్రం మాడుతూ ఉంటుంది. ఒళ్లు మొత్తం వేడెక్కలేదు కాబట్టి జంతువు అక్కడి నుంచి కదలదు, చివరికి వీపు మీద చర్మం కాలి పుండు పడుతుంది. తక్కువ వాట్ల హాలోజన్ బల్బులు రెండుమూడు వరసగా పెట్టి కొమ్మ పొడవునా వేడి పరిస్తే ఈ బాధ తప్పుతుంది. గాలి ఉష్ణోగ్రత చూపే థర్మామీటరుతో ఇది తెలియదు. ఉపరితలాన్ని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. కరోనా రోజుల్లో షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర నుదుటికి పెట్టిన లాంటిదే.

వేడి పెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కువ ఉడుముల్ని చంపేది నీళ్లు, అంటే నీళ్లు లేకపోవడం.

బటాంటాలో గాలే తడిగా ఉంటుంది. గాజు పెట్టెలో పైన బల్బులు మండుతుంటే గాలి ఎండిపోతుంది. గది చలికాలపు హీటరు వేసిన అమెరికా ఇల్లయితే మరీ అన్యాయం. కిందనొక గిన్నెలో నీళ్లు పెట్టాం కదా అనుకుంటారు. చెట్టు ఉడుము ఆకు మీది చుక్కలు నాకి తాగడానికి అలవాటు పడ్డ జంతువు. గిన్నె దాని కంట పడ్డా పట్టించుకోకపోవచ్చు. ఒక్కరోజులో ఏమీ కాదు. వారాలు, నెలలు గడుస్తాయి. ఉడుములు మనలాగా యూరియాను నీళ్లలో కరిగించి మూత్రంగా పంపవు. నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి తెల్లటి ముద్దలా విసర్జిస్తాయి. నీటిని పొదుపు చేసుకునే ఏర్పాటిది. ఒంట్లో నీరే తగ్గితే ఆ యూరిక్ ఆమ్లం బయటికి పోక, ఉప్పు నీళ్ల ఊళ్లో కుళాయి మూతికి తెల్లగా పేరుకున్నట్టు, మూత్రపిండాల్లో, కీళ్లలో, ఒక్కోసారి గుండె పొర మీద కూడా పేరుకుంటుంది. అదే గౌట్. జంతువు తినడం తగ్గించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినా చేయగలిగింది తక్కువ.

కాబట్టి రోజుకు రెండుమూడుసార్లు తుంపర్లు కొట్టే యంత్రం, తేమ 70 శాతానికి తగ్గకుండా చూసే ఏర్పాటు తప్పనిసరి. అలాగని మూత బిగించి ఆవిరి పట్టిస్తే ఇంకో చావు. గాలి ఆడక బూజు పడుతుంది, ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తడి ఉండాలి, గాలి కదలాలి, వేడి పోకూడదు. ఈ మూడూ ఒకదానికొకటి పడవు. అడవిలో కురిసిన వానకు, వీచే గాలికి, ఆకుల సందుల్లోంచి దిగే ఎండకు ఇదేమీ కష్టం కాదు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు పెట్టెలో సాధించాలంటే టైమర్లు, పంపులు, ఫ్యాన్లు, అడుగున అరడుగు మట్టి, ఆ మట్టిలో బూజు తినే చిన్నచిన్న పురుగులు, ఇంత సరంజామా కావాలి. కరెంటు పోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

తిండి సంగతి తేలిగ్గా చెప్పుకోవచ్చు. హ్యారీ గ్రీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1986లో మ్యూజియంలలో దాచిన ఆకుపచ్చ ఉడుముల పొట్టలు పరిశీలించాడు. అందులో ఎక్కువగా దొరికినవి మిడతల జాతి పురుగులు. నీలిదీ ఆ బాపతే. పెంపకంలో బొద్దింకలు, ఇలకోళ్లు, మిడతలు, వాటి మీద కాల్షియం పొడి. ఎప్పుడో ఒకసారి ఎలుక పిల్ల. ఎలుకలు తేలికగా దొరుకుతాయని రోజూ పెడితే కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది.

తిండి కంటే అది తినే తీరే చూడముచ్చటగా ఉంటుంది. కర్రపురుగు దొరికితే ఆకుపచ్చ ఉడుము దాన్ని అలాగే మింగదు. ముళ్లున్న కాళ్లను ముందుగా పీకేస్తుంది. నల్ల చెట్టు ఉడుము మరో మెట్టు పైన ఉంది. రాబర్ట్ మెండిక్, హాన్స్ గియోర్గ్ హోర్న్ 2011లో దాని గురించి రాశారు. నోరు పట్టని సన్నటి బెజ్జంలో పురుగు దాక్కుంటే ఆ ఉడుము ముందు కాలిని చెయ్యిలా లోపలికి చాపి, పురుగును తడిమి, గోటితో లాగి బయటికి తీస్తుంది. బెజ్జంలోకి చెయ్యి పెట్టాక దానికి లోపల ఏముందో కనపడదు. తడుముడు మీదే పని. కోతుల గురించి ఇలాంటిది చెబితే తలూపి ఊరుకుంటాం. బల్లి వంశంలో చెయ్యి వాడకం ఇంత నేర్పుగా ఉంటుందని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. ఈ సంగతి అడవిలో చెట్టెక్కి కనిపెట్టినది కాదు, బందీగా ఉన్నవాటిని ఓపిగ్గా గమనించి తెలుసుకున్నది. పెంచేవాళ్లు శాస్త్రానికి ఇచ్చిన అప్పుల్లో ఇదొకటి.

ఉడుముల తెలివి గురించి వేరే ప్రయోగం కూడా ఉంది. 2008లో ప్రచురించిన పరిశోధనలో ఆఫ్రికా ఉడుము పిల్లలు ఎనిమిదింటికి పారదర్శకంగా ఉన్న గొట్టంలో ఎలుకల్ని పెట్టి ఇచ్చారు. గొట్టానికి బందులున్న చిన్న తలుపులున్నాయి. తలుపు తెరిచి తల దూర్చి తినాలి. ఎనిమిదీ పది నిమిషాల లోపే తెరిచాయి. రెండోసారి ఇస్తే ఇంకా తొందరగా తెరిచాయి, అక్కర్లేని గీకుళ్లు, కుదుపుళ్లు తగ్గించేశాయి. ఊపిరి విషయంలోనూ ఇవి మామూలు బల్లులు కావు. పరుగెత్తేటప్పుడు బల్లుల పక్కటెముకల కండరాలు పరుగు పనిలో పడి శ్వాసకు అడ్డొస్తాయి. ఉడుములు గొంతు ఉబ్బించి గాలిని లోపలికి నెట్టుకుని ఆ లోటు పూడ్చుకుంటాయని 1999లో తేలింది. పక్షుల ఊపిరితిత్తుల్లోలాగా వీటి ఊపిరితిత్తుల్లోనూ గాలి చాలావరకు ఒకే దిక్కుగా ప్రవహిస్తుందని 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. అంటే ఇది వేటకు, తిరగడానికి, వెతకడానికి కట్టిన ఒళ్లు. రోజంతా ఒకే గిన్నెలో ఒకే బొద్దింక పెడితే దానికి చేతినిండా పని ఉండదు. బొద్దింకల్ని బెరడు గొట్టాల్లో దాచిపెట్టడం, కొమ్మల వరస మార్చడం లాంటివి ముద్దు కోసం చేసేవి కావు.

మరి మచ్చిక? కుక్కపిల్లలా ఒళ్లో పడుకుంటుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. చెట్టు ఉడుము సహజంగా బెదురు జంతువు. మనిషి అలికిడి వినగానే బెరడు చాటుకు పోతుంది. నెలల తరబడి పట్టకారుతో తిండి అందిస్తే చేతి దాకా వస్తుంది. అంతవరకే. గట్టిగా పట్టుకుంటే కరుస్తుంది, పళ్లు సన్నగా వాడిగా ఉంటాయి, గోళ్లు చర్మాన్ని చీరేస్తాయి. మన సామెతలోలాగా ఉడుము పోయినా చెయ్యి దక్కితే చాలనుకోవాల్సి వస్తుంది. దీన్ని చేపల తొట్టిలో చేపను చూసినట్టు చూసి ఆనందించాలి తప్ప, తాకి ఆనందించే జంతువు కాదు. ఇంత ధర పెట్టింది చూడటానికేనా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు కుక్కను పెంచుకోవడం మేలు.

ఇక గుడ్లు. ఈ కథకు గుండెకాయ ఇక్కడుంది.

ఆడది ఒక్కో విడతకు రెండు నుంచి ఆరు దాకా గుడ్లు పెడుతుంది. మగది తోడు లేకపోయినా గుడ్లు కట్టవచ్చు, కోడి పుంజు లేకుండా పెట్టినట్టే. కాకపోతే కోడి ఎక్కడంటే అక్కడ పెట్టేస్తుంది, ఉడుము అలా పెట్టదు. వెచ్చగా, తడిగా, చీకటిగా, తనకు నచ్చిన గుల్ల దొరికేదాకా వెతుకుతుంది. మన ఉడుము నేలను తవ్వి పెడుతుంది, కొన్నిసార్లు చెదపుట్టలో పెడుతుంది. చెదలు పుట్ట లోపల వేడిని, తేమను సమంగా ఉంచుతాయి కాబట్టి అది ఎవరూ డబ్బివ్వని ఇంక్యుబేటర్. గాజు పెట్టెలో పుట్ట లేదు. యజమాని పెట్టిన పెట్టెలో మట్టి చల్లగా ఉంటే, లేదా పొడిగా ఉంటే, ఆడది పైపైన తవ్వి వదిలేస్తుంది. గుడ్లు లోపలే ఉండిపోతాయి. రోజులు గడిచేకొద్దీ అవి గట్టిపడి, పగిలి, కడుపులో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. న్యూయార్క్ బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో దశాబ్దాల పాటు చనిపోయిన ఉడుముల శవపరీక్ష రికార్డులు తిరగేసి 2013లో ఒక పరిశీలన ప్రచురించారు. అక్కడ కనిపించిన ప్రధాన కారణాల్లో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లతో పాటు ఆడవాటి పునరుత్పత్తి సమస్యలున్నాయి. చదువుకున్న సిబ్బంది, వైద్యులు ఉన్నచోట పరిస్థితి అది.

అన్నీ కుదిరి గుడ్లు దక్కాయే అనుకుందాం. తడిపిన వెర్మిక్యులైట్‌లో పెట్టి 29, 30 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్లో ఉంచాలి. పిల్ల బయటికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. కోడిపిల్లకు 21 రోజులు. ఆ ఐదారు నెలల్లో ఒక్క రాత్రి థర్మోస్టాట్ మొరాయిస్తే అంతే సంగతులు. కొన్ని గుడ్లు నిండు నెలల్లో, పిల్ల పూర్తిగా తయారయ్యాక కూడా లోపలే చచ్చిపోతాయి. ఎందుకని అడిగితే పెంచేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు.

ఈ లెక్క మనసులో పెట్టుకుని ఇండోనేషియా నుంచి వచ్చే కాగితాలు చూడండి. అంతర్జాతీయ వన్యజీవ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో ఉడుములన్నీ ఉన్నాయి. చాలా జాతులు రెండో జాబితాలో, అంటే పర్మిట్‌తో అమ్ముకోగలిగిన జాబితాలో ఉన్నాయి. పర్మిట్ మీద ఒక అక్షరం ఉంటుంది. డబ్ల్యు అంటే అడవిలో పట్టింది. సి అంటే పెంపకంలో పుట్టింది, అదీ తరం తర్వాత తరం పెంపకంలోనే సాగే మంద నుంచి. ఎఫ్ అంటే పెంపకంలోనే పుట్టినా ఆ స్థాయికి రానిది, మొదటి తరమైనా ఆ తర్వాతిదైనా. ఒక్కో పిల్లకు ఇంత తిండి, ఇంత కరెంటు, ఆరు నెలల కాపలా కావాలి. అడవిలో పట్టేవాడికి ఇచ్చే డబ్బు దాని ముందు ఏపాటి? అడవిలో పట్టినదాని మీద సి అని రాయించడం పెంచడం కంటే చవక.

ఇదేదో నా ఊహ కాదు. ఇదే ప్రాంతపు ఆకుపచ్చ కొండచిలువల మీద జెస్సికా లయన్స్, డేనియల్ నాటుష్ పరిశోధన చేసి 2011లో ప్రచురించారు. పెంపకంలో పుట్టినవంటూ ఏటా ఎగుమతయ్యే వాటిలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని తేల్చారు. దానికి వాళ్లు సూచించిన మందు చాలా మామూలుది, నాకు బాగా నచ్చింది కూడా. పిల్ల పెంపకంలోనే పుట్టిందని చెప్పేవాడు దాని గుడ్డు పెంకు చూపించాలి. కాగితం మీద అక్షరాన్ని ఎవడైనా రాస్తాడు. ఎన్ని పిల్లలో అన్ని పెంకులు పుట్టించడం కష్టం.

కొండచిలువ పెద్ద దీవంతా ఉంటుంది. నీలి ఉడుముకు ఉన్నది ఒక్క బటాంటా. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కగట్టింది. 2024 డిసెంబరులో అమెరికా చేపలు, వన్యజీవుల శాఖ దీన్ని అత్యవసర ఉత్తర్వు కింద 240 రోజుల పాటు అంతరించిపోతున్న జీవుల పట్టికలో చేర్చింది. అలాంటి అత్యవసర ఉత్తర్వులు ఆ శాఖ ఎప్పుడో గానీ ఇవ్వదు. మామూలు పద్ధతిలో ఏళ్లు పడుతుంది, ఆలోగా వ్యాపారులు చేతికందినన్ని దిగుమతి చేసుకుంటారన్నది దాని భయం.

ఇంతలో మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇలాంటి జంతువుల కోసం హైదరాబాద్‌లోనూ అడిగేవాళ్లున్నారు. మన ఉడుమును పెంచడం, పట్టడం, అమ్మడం ఏదైనా నేరమే. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జీవి. మూడు నుంచి ఏడేళ్ల జైలు. సైటీస్‌లో కూడా అది మొదటి జాబితాలోనే ఉంది, వ్యాపారం పూర్తిగా నిషిద్ధం. అయినా మాంసం కోసం, నూనె కోసం, మగ ఉడుము అవయవాలు ఎండబెట్టి హత్తాజోడీ అనే మూలిక వేరు పేరుతో అమ్ముకోవడం కోసం చంపుతూనే ఉన్నారు. విదేశీ జాతుల విషయంలో చాలాకాలం చట్టం నోరు మెదపలేదు. 2022లో చట్టాన్ని సవరించాక సైటీస్ జాబితాల్లోని జీవులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జంతువు ఎవరి దగ్గరున్నా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దగ్గరున్నది చెప్పకపోతే కొన్నవాడిదే తప్పు. మా స్నేహితుడు బహుమతిగా ఇచ్చాడు, వాట్సాప్‌లో కొన్నాను లాంటి సమాధానాలు అక్కడ చెల్లవు.

ఇక చట్టం ఒప్పుకునే దేశంలో, డబ్బూ ఓపికా రెండూ ఉండి, నిజంగా పెంచగలనని నమ్మేవాళ్లు కొందరుంటారు. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. చెట్టు ఉడుముల గురించి మనకు తెలిసినదాంట్లో సగం వాళ్ల నోటుపుస్తకాల్లోంచి వచ్చిందే. అలాంటివాళ్లు అమ్మేవాణ్ణి రంగు గురించి అడగనక్కర్లేదు, రంగు కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఈ పిల్ల ఏ రోజు గుడ్డులోంచి బయటికొచ్చింది, తల్లిదండ్రులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా, ఏ ఉష్ణోగ్రతలో పొదిగించారు, అదే విడతలో ఎన్ని గుడ్లు చెడిపోయాయి, పోయిన వారం ఏం తిన్నది అని అడగాలి. తన ఇంట్లో పొదిగించినవాడైతే చెడిపోయిన గుడ్ల సంగతి అడక్కముందే చెప్పుకుని బాధపడతాడు, ఆ ఐదారు నెలల ఉష్ణోగ్రతల చిట్టా తీసి చూపిస్తాడు. అన్ని గుడ్లూ బ్రహ్మాండంగా పొదిగాయని, తల్లిదండ్రులు వేరే ఫారంలో ఉన్నాయని, కావాలంటే వచ్చే నెల ఇంకో పది తెప్పిస్తానని అన్నాడంటే బేరం అక్కడితో ఆపేయాలి.